బ్యారేజీ మూసేస్తే దారేది?

2024 సెప్టెంబరు మొదట్లో కృష్ణకు 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చింది. ఎగువ నుంచి కొట్టుకొచ్చిన పడవలు ప్రకాశం బ్యారేజీ గేట్లను గుద్దాయి. ఇటు బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ నీట మునిగింది. ఆ వారం విజయవాడలో ఎవరికి ఫోన్ చేసినా, క్షేమం అడిగాక వచ్చే మొదటి మాట ఒకటే: "ఏ దారిన రావాలి?"

ఫోన్‌లో మ్యాప్ ఉంది కదా అనొచ్చు. ఉంది. నీలం గీత గీసి చూపిస్తుంది, ఎన్ని నిమిషాలో చెబుతుంది. ఆ గీత అటే ఎందుకు పోయిందో మాత్రం చెప్పదు. మనం అనుకున్న రోడ్డును చేత్తో చెరిపేసి "ఇది లేదనుకో, ఇప్పుడు చెప్పు" అని అడగనివ్వదు. వరద రోజున మనకు కావలసింది సరిగ్గా ఆ ప్రశ్నే. దాన్ని మనంతట మనం అడగడానికి, జవాబు ఎలా వచ్చిందో మెట్టు మెట్టునా చూడటానికి కంప్యూటర్ నోట్‌బుక్‌ను మించిన సాధనం నాకు కనిపించలేదు. దీనికి డబ్బు ఖర్చు లేదు, మామూలు ల్యాప్‌టాప్ చాలు. డిగ్రీ, పాలిటెక్నిక్ పిల్లలకు కొన్నాళ్లుగా దీన్ని నేర్పుతున్నాను. పాఠం ఎప్పుడూ బ్యారేజీ దగ్గరే మొదలవుతుంది.

బడిలో మనకు రఫ్ నోట్సు వేరు, ఫెయిర్ నోట్సు వేరు. కొట్టివేతలు, తప్పు లెక్కలు రఫ్‌లో ఉండిపోతాయి. మాస్టారు చూసేది ఫెయిర్. కంప్యూటర్ నోట్‌బుక్‌లో ఈ రెండూ ఒకటే పుస్తకం. పేజీ గళ్లు గళ్లుగా ఉంటుంది. ఒక్కో గడిని సెల్ అంటారు. ఒక సెల్‌లో తెలుగులో నాలుగు మాటలు రాసుకోవచ్చు: ఏం చేయబోతున్నాం, ఎందుకు అని. దాని కింది సెల్‌లో ప్రోగ్రామ్ రాసి షిఫ్ట్, ఎంటర్ మీటలు కలిపి నొక్కితే జవాబు అక్కడికక్కడే వచ్చి కూర్చుంటుంది. అది అంకె కావచ్చు, పట్టిక కావచ్చు, జరుపుతూ దగ్గరికి లాక్కుని చూడగలిగే మ్యాపే కావచ్చు. పక్కన ఒక స్లయిడర్ పెడితే, దాన్ని జరిపిన కొద్దీ మ్యాప్ మారుతుంది.

ఈ నోట్‌బుక్‌లలో ఎక్కువ మంది వాడేది జూపిటర్. కొలంబియాలో పుట్టి అమెరికాలో భౌతికశాస్త్రం చదువుకుంటున్న ఫెర్నాండో పెరెజ్ 2001లో తన లెక్కల కోసం ఐపైతాన్ అనే చిన్న ప్రోగ్రామ్ రాసుకున్నాడు. అదే పెరిగి పెద్దదై 2014లో జూపిటర్ అయింది. జూలియా, పైతాన్, ఆర్ అనే మూడు ప్రోగ్రామింగ్ భాషల పేర్ల ముక్కలు ఈ పేరులో ఉన్నాయి. 1610లో గురు గ్రహం చుట్టూ తిరిగే చందమామలను రాత్రి రాత్రికీ చుక్కలుగా గీసి పెట్టుకున్న గెలీలియో పుస్తకం కూడా ఈ పేరు వెనక ఉంది. చూసిందీ, అనుకున్నదీ ఒకే కాగితం మీద పక్కపక్కనే ఉన్న పుస్తకం అది.

ఇక అమర్చుకోవడం. పిల్లలు విసిగి వదిలేసేది ఎక్కువగా ఇక్కడే కాబట్టి కాస్త ఆగి చెబుతాను. మ్యాపుల పనికి వాడే పైతాన్ ప్యాకేజీలు పైకి సాదాగా కనిపిస్తాయి. వాటి కింద జీడాల్, ప్రోజ్, జియోస్ అనే పాత, బరువైన లైబ్రరీలు ఉంటాయి. మ్యాప్ ఫైళ్లను చదివేది ఒకటి, గుండ్రటి భూమిని బల్లపరుపు కాగితం మీదికి దించేది ఒకటి, గీతలు ఎక్కడ కలుస్తాయో లెక్కగట్టేది ఒకటి. వీటిలో ఒకదాని వెర్షన్‌కు మరొకదాని వెర్షన్ పొసగకపోతే మొదటి సెల్‌లోనే ఎర్రక్షరాలు వచ్చిపడతాయి. అందుకే కోండా-ఫోర్జ్ అనే భాండారం నుంచి అన్నిటినీ ఒకేసారి తెచ్చుకోవడం మేలు. ఒకదానికొకటి పొసగేలా కట్టి ఉంచిన మూట అది. ఆ మూటను కంప్యూటర్‌లో ఉన్న మిగతా పైతాన్‌తో కలపకుండా, ఈ పనికంటూ వేరే ఎన్విరాన్‌మెంట్‌లో పెట్టాలి. ఆవకాయ జాడీలో పెట్టిన గరిటెను మాగాయలో పెట్టనివ్వదు కదా అమ్మ, అంత పట్టింపు ఇక్కడా కావాలి. ఏ ప్యాకేజీ ఏ వెర్షనో ఒక చిన్న ఫైలులో రాసి నోట్‌బుక్ పక్కనే ఉంచితే, ఆర్నెల్ల తర్వాత మరో ఊళ్లో మరొకరు అదే జాడీని మళ్లీ తయారు చేసుకోగలరు.

మనకు ముఖ్యంగా కావలసిన ప్యాకేజీలు మూడు. రోడ్లను తెచ్చిపెట్టేది ఓఎస్ఎంఎన్ఎక్స్. జెఫ్ బోయింగ్ అనే నగర ప్రణాళికా పరిశోధకుడు రాశాడు, దాని మీద పరిశోధన పత్రం 2017లో వచ్చింది. దారి లెక్క చూసేది నెట్‌వర్క్‌ఎక్స్. తెర మీద మ్యాప్ పరిచేది ఫోలియం. ఈ మూడోది లీఫ్‌లెట్ అనే మ్యాప్ లైబ్రరీని పైతాన్ నుంచి నడిపిస్తుంది. లీఫ్‌లెట్‌ను మొదలుపెట్టింది ఉక్రెయిన్‌కు చెందిన వొలొదిమిర్ అగాఫొంకిన్, 2011లో.

అన్నీ ఎక్కాక మొదటి పని, మ్యాప్ మీద ఒక గుర్తు పెట్టడం. మొదటి పాఠమూ ఇక్కడే ఎదురవుతుంది. విజయవాడ అక్షాంశం సుమారు 16.5, రేఖాంశం 80.6. ఫోలియంకు ముందు అక్షాంశం చెప్పాలి, తర్వాత రేఖాంశం. జియోజేసన్ అనే ఫైలు రూపంలో మాత్రం వరస తిరగబడుతుంది: గ్రాఫు కాగితం మీద అడ్డం ముందు, నిలువు తర్వాత అన్నట్టు రేఖాంశమే ముందుంటుంది. ఒకదాని వరస మరొకదానికి ఇస్తే ఏమవుతుంది? నా మొదటి మ్యాప్‌లో విజయవాడ గుర్తు ఆర్కిటిక్ సముద్రంలో తేలింది, స్వాల్‌బార్డ్ దీవులకు ఉత్తరాన. హైదరాబాద్ అంకెలు తిరగేస్తే సరిగ్గా స్వాల్‌బార్డ్ నేల మీదే పడుతుంది, లాంగ్‌యియర్‌బియన్ పట్నానికి ఓ 50 కిలోమీటర్ల దూరంలో, ధ్రువపు ఎలుగుబంట్లు తిరిగే చోట.

ఇందులో గమనించాల్సిన సంగతి ఒకటుంది. అక్షాంశం 90 దాటదు. తెలుగు నేల రేఖాంశాలన్నీ 76కూ 85కూ నడుమ ఉంటాయి, అంటే 90 లోపే. కాబట్టి మన ఊళ్ల అంకెలు తిరగబడ్డా కంప్యూటర్‌కు అందులో తప్పు కనిపించదు, మారు మాట్లాడకుండా ధ్రువం దగ్గరికి తీసుకెళుతుంది. డల్లాస్‌లో ఉండే మన వాళ్లకు ఈ బెడద తక్కువ. ఆ ఊరి రేఖాంశం దాదాపు 97, పైగా పడమర కాబట్టి మైనస్. దాన్ని అక్షాంశం స్థానంలో పెడితే అంకెల్ని సరిచూసే ఏ ప్రోగ్రామైనా వెంటనే చెల్లదంటుంది. అందుకే లెక్కలోకి దిగేముందు మ్యాప్ గీసి కళ్లతో చూసుకోవడం మన పిల్లలకు తప్పనిసరి.

ఇప్పుడు రోడ్లు. అవి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి వస్తాయి. 2004లో బ్రిటన్‌లో స్టీవ్ కోస్ట్ మొదలుపెట్టిన ఈ మ్యాప్‌ను ఎవరైనా దిద్దవచ్చు, షరతుల మేరకు ఎవరైనా వాడుకోవచ్చు. దాన్ని బొమ్మగా ఊహించుకోకండి. అందులో ఉన్నవి బిందువులు, వాటిని కలిపే గీతలు, వాటికి తగిలించిన చీటీలు. ఈ చీటీల్నే ట్యాగ్ అంటారు. ఇది వీధి రోడ్డు, ఇది హైవే, ఇది వన్‌వే, ఇది వంతెన, ఇది ఇంకా కడుతున్నారు, దీని తెలుగు పేరు ఫలానా అని ఒక్కో చీటీ మీద ఒక్కో మాట. నడక దారులు కావాలా, బండి దారులు కావాలా అని ఓఎస్ఎంఎన్ఎక్స్ అడుగుతుంది. మనం చెప్పినదాన్ని బట్టి చీటీలు చూసి ఏరి, బిందువులూ గీతల అల్లికగా ఇస్తుంది. ఆ అల్లికనే గ్రాఫ్ అంటారు.

పిల్లలు మొదటిసారి గ్రాఫ్ గీసినప్పుడు ఒక ప్రశ్న ఖాయంగా వస్తుంది: "సార్, కృష్ణ మీద రైలు వంతెన కూడా ఉంది కదా, అదేది?" బండి దారుల మూటలోకి రైలు పట్టా రాదు. మన కంటికి నది మీద గీత అంటే గీతే. గ్రాఫ్‌కు మాత్రం చీటీలో ఉన్నదే లోకం.

మలుపు తిరిగే ప్రతి చోటా మ్యాప్‌లో బిందువు ఉంటుంది. దారి లెక్కకు అన్నీ అక్కర్లేదు. ఎటు పోవాలో తేల్చుకోవలసింది కూడలిలోనే. అందుకని ఓఎస్ఎంఎన్ఎక్స్ మలుపుల్ని పక్కనపెట్టి కూడళ్లనే నోడ్లుగా ఉంచుతుంది, రెండు కూడళ్ల నడుమ రోడ్డును ఒక ఎడ్జ్ చేస్తుంది. రాకపోకలు రెండువైపులా ఉన్న రోడ్డుకు ఎడ్జ్‌లు రెండు, పోయేదొకటి, వచ్చేదొకటి. ఊరిని ఇలా చుక్కలుగా, గీతలుగా చూడటం 1736లో గణితవేత్త ఆయిలర్‌తో మొదలైంది. కోనిగ్స్‌బర్గ్ ఊళ్లో ఏడు వంతెనలనూ ఒక్కొక్కసారే దాటి రాగలమా అన్న చిక్కును ఆయన నేల బొమ్మ లేకుండా, ఏది దేనితో కలుస్తుందన్న ఒక్క విషయంతో తేల్చేశాడు. విజయవాడ వాళ్లకు ఈ చూపు కొత్తేమీ కాదు. బ్యారేజీ దగ్గర మొదలై ఏలూరు కాలువ, రైవస్ కాలువ, బందరు కాలువ ఊరిని చీల్చుకుంటూ పోతాయి. ఇక్కడ ఎవరిని దారి అడిగినా ఏ వంతెన ఎక్కాలో ముందు చెబుతారు, వీధి పేరు తర్వాత.

దారి వెతికే పద్ధతి కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రాది. 1956లో ఆమ్‌స్టర్‌డామ్‌లో కాబోయే భార్యతో బజారుకెళ్లి, అలసి ఒక కాఫీ హోటల్ ముందు కూర్చున్నప్పుడు ఇరవై నిమిషాల్లో తట్టిందని ఆయనే తర్వాత చెప్పాడు. చేతిలో కాగితం, పెన్సిల్ లేవు. అందుకే అది అంత తేలికగా వచ్చిందని ఆయన నమ్మకం. ఆర్మాక్ అనే కొత్త కంప్యూటర్‌ను జనానికి చూపించడానికి ఒక లెక్క కావలసి, నెదర్లాండ్స్‌లో 64 ఊళ్లు తీసుకుని వాటి నడుమ దగ్గరి దారి చెప్పించాడు. 1959లో అచ్చయిన ఆ వ్యాసం మూడు పేజీలే.

దాన్ని అర్థం చేసుకోవడానికి మన పొలం కాలువలు చాలు. తూము ఎత్తగానే నీళ్లు అన్ని బోదెల్లోకీ ఒకేసారి పారడం మొదలవుతాయి. దగ్గరి మడికి ముందు చేరతాయి, దూరం మడికి తర్వాత. ఏ మడికి ఏ బోదె నుంచి మొదట నీరందిందో గుర్తు పెట్టుకుంటే చాలు, ఆ మడికి అదే దగ్గరి దారి. తర్వాత వేరే బోదె నుంచి నీళ్లొచ్చినా పట్టించుకోనక్కర్లేదు. డైక్‌స్ట్రా పద్ధతి కూడా బయలుదేరిన నోడు నుంచి అలా పారుతూ, ఇంకా తడవని నోడ్లలో అన్నిటికంటే దగ్గరిదాన్ని ప్రతిసారీ ఎంచుకుంటుంది. చేరవలసిన నోడు తడవగానే ఆగి, నీళ్లు వచ్చిన బోదె వెంట వెనక్కి నడిచి దారి చెబుతుంది. నోట్‌బుక్‌లో ఈ పారుదలను మెట్టుకొకసారి రంగు వేసి చూపించవచ్చు. వన్‌టౌన్ వీధుల్లో రంగు పాకుతూ పోయి, కాలువ గట్టు దగ్గర ఆగి, వంతెన దొరికిన చోట అవతలికి దూకడం చూశాక బోర్డు మీద వివరించవలసిన పని ఉండదు.

దేశమంతటి రోడ్ల మీద ఇలా పారిస్తూ కూర్చుంటే ఆలస్యం. అందుకే పెద్ద దారి యంత్రాలు అడ్డదారులు ముందే లెక్కగట్టి దాచుకుంటాయి. 2008లో జర్మనీలోని కార్ల్స్‌రూయె పరిశోధకులు ప్రకటించిన కాంట్రాక్షన్ హైరార్కీస్ పద్ధతి అలాంటిదే. ఖండం పొడవునా దారిని కన్నుమూసి తెరిచేలోపు చెబుతుంది. అయితే ముందే లెక్కగట్టి పెట్టుకున్న చోట ఒక రోడ్డు మారితే ఆ లెక్కను మళ్లీ సవరించాలి. ఒక ఊరికి సరిపడా నోడ్లతో మన నోట్‌బుక్‌కు ఆ తిప్పలు లేవు. ఎప్పుడు ఏ రోడ్డు తీసేసినా అప్పటికప్పుడు కొత్తగా లెక్క చూస్తుంది.

ఇక అసలు పని. బయలుదేరే చోటు విజయవాడ రైల్వే స్టేషన్, చేరవలసింది ఉండవల్లి గుహలు. మ్యాప్ మీద స్కేలు పెట్టి గీస్తే 5 కిలోమీటర్ల లోపే. రోడ్డు దారి లెక్కగడితే గీత దుర్గ గుడి కొండ వైపు వెళ్లి, 1957లో కట్టి ముగించిన, కిలోమీటరుకు పైగా పొడవున్న బ్యారేజీ మీదుగా అవతలి ఒడ్డుకు దిగుతుంది. ఊళ్లో ఆటో అన్న చెప్పే దారే ఇది. ఇంతవరకూ కొత్తేమీ లేదు.

బ్యారేజీని చెరిపేయాలంటే ముందు అది ఏ ఎడ్జో తెలియాలి. పేరు చీటీ చూసి వెతకడం ఒక పద్ధతి, కానీ పేర్లు అన్ని ముక్కలకూ ఉండకపోవచ్చు. నేను చేయించేది ఇంకోటి: వంతెన అని చీటీ ఉన్న ఎడ్జ్‌లన్నిటికీ ఎరుపు రంగు వేయమంటాను. తెర మీద ఊళ్లో వంతెనలన్నీ ఎర్రగా మెరుస్తాయి. నది మీద ఉన్నవాటిని నొక్కితే వాటి సంఖ్యలు కనిపిస్తాయి. గ్రాఫ్‌కు ఒక నకలు తీసుకుని, నకలులోంచి ఆ ఎడ్జ్‌లు తీసేయాలి. పోయేదీ వచ్చేదీ రెండూ తీయాలని ఎంత చెప్పినా, ఒకటి మాత్రమే తీసి "దారి మారలేదు సార్" అనే పిల్లలు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. తీసింది అటు నుంచి ఇటు వచ్చేదన్నమాట.

ఒకసారి ఒక అమ్మాయి రెండూ తీసి లెక్క వేసింది. నోట్‌బుక్ ఏ గీతా గీయలేదు. "సార్, దారే లేదంటోంది." గది అంతా ఆమె తెర వైపు తిరిగింది. కనకదుర్గ వారధి మీద రోజూ గుంటూరు బస్సులు పోతుంటే దారి లేకపోవడమేమిటి? మొదటి సెల్‌కు వెనక్కి వెళ్లి చూశాం. రోడ్లు దించుకునేటప్పుడు గిరి మరీ చిన్నది గీసింది. దిగువనున్న వారధి, దాని అవతలి రోడ్లు గిరి బయటే ఉండిపోయాయి. ఆమె ఇచ్చిన లోకంలో బ్యారేజీ తప్ప వేరే వంతెన లేదు కాబట్టి నోట్‌బుక్ సరిగ్గానే చెప్పింది. గిరి పెద్దది చేసి మళ్లీ నడిపింది. ఈసారి గీత ఊరు దాటి దక్షిణంగా దిగి, వారధి ఎక్కి, తాడేపల్లి వైపు నుంచి తిరిగొచ్చి ఉండవల్లి చేరింది. పాత దూరాన్నీ కొత్త దూరాన్నీ పక్కపక్కన పెట్టి, తేడాను తనే తెలుగులో ఒక సెల్‌లో రాసుకుంది: "బ్యారేజీ విలువ ఇన్ని కిలోమీటర్లు." ఫోన్‌లోని నీలం గీత ఆమెకు ఈ మాట ఎప్పటికీ చెప్పి ఉండేది కాదు.

దూరం కొలిచాక కాలం కొలవాలని అందరికీ ఉంటుంది. ఇక్కడ మాత్రం నేను పిల్లల్ని గట్టిగా ఆపుతాను. కాలం కావాలంటే వేగం కావాలి. వేగ పరిమితి చీటీ మన ఊళ్లలో చాలా రోడ్లకు లేదు. లేనిచోట ఓఎస్ఎంఎన్ఎక్స్, అదే రకం రోడ్లలో చీటీ ఉన్నవాటి సగటు తీసి నింపేస్తుంది. ఫలితం పట్టికలో చక్కగా దశాంశాలతో సహా కనిపిస్తుంది. ఆ దశాంశాలు చూసి నమ్మితే మోసపోతాం. అది ఎవరూ కొలిచిన కాలం కాదు, బీసెంట్ రోడ్డు రద్దీ దానికి తెలియదు. అందుకని వేగాన్ని స్లయిడర్‌కు కట్టి, వీధి రోడ్ల వేగం గంటకు 10 నుంచి 40 కిలోమీటర్ల దాకా జరిపి చూడమంటాను. ఎంత జరిపినా దారి మారకపోతే ఆ దారి గట్టిదని అర్థం. కాస్త కదిలించగానే గీత ఇంకో వీధిలోకి దూకితే, ఆ రెండిట్లో ఏది మేలో చెప్పడానికి మన దగ్గర తగినంత సమాచారం లేదన్నమాట. ఏదో ఒక అంకె చెప్పి ఊరుకోవడం కంటే ఇది చాలా నిజాయతీ గల జవాబు.

నోట్‌బుక్‌కు ఒక పెద్ద లోపముంది, దాచకుండా చెప్పాలి. సెల్స్‌ను ఏ వరసలోనైనా నడపవచ్చు. నడిపిన ఫలితం కెర్నల్ అనే వెనక ప్రోగ్రామ్ జ్ఞాపకంలో ఉండిపోతుంది, సెల్‌ను చెరిపేసినా సరే. నకలు తీసుకోకుండా అసలు గ్రాఫ్‌లోనే బ్యారేజీని తీసేసి, తర్వాత ఆ సెల్ అక్కర్లేదని చెరిపేసిన కుర్రాడి సంగతి చూడండి. పేజీలో ఎక్కడా బ్యారేజీని తీసేసినట్టు లేదు. దారి మాత్రం ప్రతిసారీ వారధి మీదుగానే వస్తోంది. గంటసేపు వెతికాడు. 2019లో బ్రెజిల్, అమెరికా పరిశోధకులు గిట్‌హబ్ అనే ప్రోగ్రామ్‌ల భాండారంలో ఉన్న లక్షల నోట్‌బుక్‌లను మళ్లీ నడిపి చూస్తే, తప్పు లేకుండా చివరిదాకా నడిచినవి నాలుగో వంతు కూడా లేవు. మొదటి ఫలితమే మళ్లీ వచ్చినవి నూటికి నాలుగు. కాబట్టి మా దగ్గర ఒకటే నియమం: ఇంటికెళ్లేముందు కెర్నల్‌ను ఆపి, మళ్లీ మొదలుపెట్టి, పై సెల్ నుంచి కింది సెల్ దాకా ఒక్క ఊపున నడిపించాలి. నడిస్తేనే రికార్డులో సంతకం.

రోడ్ల ఫైలు కూడా ఒకసారి దించుకుని దాచుకోవాలి. రోడ్లు ఇచ్చే ఓవర్‌పాస్ సర్వర్ అందరికీ ఉచితం. ల్యాబ్‌లో నలభై మంది ఒకేసారి దాని మీద పడితే క్యూలో నిలబెడుతుంది, అది న్యాయమే. అందుకే నేను ముందురోజే ఒక ఫైలుగా దించి పెన్‌డ్రైవ్‌లో పంచుతాను. కొన్ని దారి సేవలకు తాళంచెవి లాంటి కీ అవసరం. దాన్ని నోట్‌బుక్‌లో రాయకూడదు, రాసి నలుగురికీ పంపితే తాళంచెవి వీధిలో పారేసినట్టే.

ఫైలు దించిన తేదీ మొదటి సెల్‌లోనే ఉండాలి. దీని అవసరం మొన్న తెలిసొచ్చింది. ఒకే నోట్‌బుక్ రెండు ల్యాప్‌టాప్‌లలో రెండు దారులు చూపించింది. తప్పు ఎవరిదీ కాదు, ఫైళ్లు వేర్వేరు నెలల్లో దించినవి. ఆ నడుమ ఎవరో కాలువ పక్క సందు ఒకదానికి వన్‌వే చీటీ తగిలించారు. ఆ సందులోనే ఇల్లున్న అమ్మాయి లేచి, "అది వన్‌వే కాదండీ, మా నాన్న ఆటో రోజూ రెండువైపులా తిరుగుతుంది" అంది. ఆ సాయంత్రమే వెళ్లి సందు రెండు చివర్లా బోర్డేమైనా పెట్టారేమో చూసొచ్చింది. ఏ బోర్డూ లేదు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఖాతా తెరిచి చీటీ సరిచేసింది, సందుకు తెలుగు పేరు కూడా చేర్చింది. మరుసటి వారం కొత్తగా దించుకున్న ఫైలుతో మొదటి సెల్ నుంచి నడిపితే, గీత ఆ సందులోంచే వెళ్లింది.